కోత లేనంత మాత్రాన

పిత్తనాళంలో ఇరుక్కున్న రాయిని నోటి గుండా దించిన గొట్టంతో తీయించుకోవడం చిన్న పని అనీ, కోత గానీ కుట్టు గానీ లేని ఆ పనిలో గండమంటూ ఉండదనీ, ఆ తరువాత క్లోమం వాచి రోగి మంచాన పడితే అది వైద్యుని చేతి తప్పే తప్ప మరొకటి కాజాలదనీ ఒక అభిప్రాయం మంజీర నదికి రెండు ఒడ్లా బలంగా పాతుకొని ఉంది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో తెలుగు మాట్లాడే ఇళ్లలోనూ, నది దాటగానే తగిలే తెలంగాణ బోధన్ ప్రాంతంలోనూ ఈ చికిత్స గురించి ముందుగా వినిపించే మాట ‘కోసుడు లేదు, కుట్లు లేవు’ అన్నదే. ఈ అభిప్రాయానికి ఆసుపత్రి గోడల లోపల ఒక తోబుట్టువు ఉంది: ఇది పుస్తకాల్లో రాసి ఉన్న ఉపద్రవమే కాబట్టి ఎవరినీ ఏమీ అడగడానికి లేదన్నది దాని సారం. పైకి ఒకదానితో ఒకటి కలహిస్తున్నట్టు కనిపించే ఈ రెండు వాదాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. గొట్టం లోపలికి దిగిన ఆ కొద్ది సేపటిలోనే జరగవలసిందంతా జరిగిపోతుందని రెండూ నమ్ముతాయి. ఆ గొట్టం ఎవరికి, ఏ కారణంతో, ఏ పరీక్షల తరువాత వేయాలని తేల్చారన్న ప్రశ్నను రెండూ దాటవేస్తాయి. గండంలో పెద్ద పాలు ఆ తేల్చడంలోనే ఉందన్నది ఈ వ్యాసం వాదన.

ముందుగా ఆ పని ఏమిటో చూడాలి. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని పేగుకు చేర్చేది పిత్తనాళం; జీర్ణాశయం వెనుక అడ్డంగా పడుకొని ఉండే క్లోమం నుంచి జీర్ణరసాన్ని తెచ్చేది క్లోమనాళం. ఈ రెండూ చాలామందిలో చిన్నపేగు తొలి భాగమైన ఆంత్రమూలం గోడలో కలిసి, చనుమొన వంటి ఒక చిన్న ఉబ్బు గుండా ఒకే వాకిలితో పేగులోకి తెరుచుకుంటాయి. ఆ ఉబ్బుకు పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు అబ్రహాం వాటర్ పేరు, దాని చుట్టూ ఉంగరంలా బిగిసి ఉండే సంవరిణి కండరానికి 1887లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే దాన్ని వర్ణించిన ఇటలీ దేశస్థుడు రుగ్గెరో ఒడ్డి పేరు స్థిరపడ్డాయి. పక్కకు చూసే కన్ను గల ఎండోస్కోపును ఆ వాకిలి దాకా దించి, సన్నని గొట్టాన్నో తీగనో పిత్తనాళంలోకి ఎక్కించి, రంగుమందు పంపి ఎక్స్‌రేలో చూస్తూ చేసే పనినే ఇ.ఆర్.సి.పి. అంటారు. 1968లో అమెరికాలో విలియం మెక్యూన్ బృందం ఆ వాకిలిలోకి గొట్టం పంపిన తొలి అనుభవాన్ని ప్రకటించింది. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్ ద్వయమూ, జపాన్‌లో కవాయ్ బృందమూ వేర్వేరుగా ఆ సంవరిణి కండరాన్ని విద్యుత్ తీగతో లోపలి నుంచే చీల్చి రాళ్లకు దారి చేసినట్టు చూపాయి. అందుచేత కోత లేదన్న మాట మొదటి అడుగులోనే తప్పుతుంది. చర్మం మీద కోత లేదు గానీ, లోపల, క్లోమం గుమ్మంలోనే కోత ఉంది.

రెండిళ్లకూ గుమ్మం ఒక్కటే కావడంతో చిక్కంతా వచ్చింది. వైద్యునికి కావలసింది పిత్తనాళం. తీగ మాత్రం కొన్నిసార్లు క్లోమనాళంలోకి తిరుగుతుంది. క్లోమం తయారుచేసే ఎంజైములు మాంసకృత్తులను కరిగించే శక్తి గలవి. అవి నిద్రాణ రూపంలో పుట్టి, పేగులోకి చేరాకే మేలుకోవాలన్నది దేహం చేసుకున్న ఏర్పాటు. గుమ్మం వాచి రసం వెనక్కి నిలిచినా, తీగ పదేపదే దారి తప్పినా, రంగుమందు ఒత్తిడితో క్లోమనాళంలోకి ఎక్కినా, కండరాన్ని చీల్చే విద్యుత్తు వేడి పక్క నాళం నోటిని తాకినా, ఆ ఎంజైములు పుట్టింట్లోనే మేలుకొని ఆ ఇంటినే అరిగించడం మొదలుపెట్టవచ్చు. క్లోమం తన్ను తానే జీర్ణం చేసుకుంటుందన్న ఈ భావనను హాన్స్ కియారి 1896లోనే ముందుకు తెచ్చాడు. చేతి తప్పేమీ లేకుండా, మొదటి ప్రయత్నంలోనే తీగ సరిగా పోయిన రోగులలో కూడా ఈ వాపు కనిపిస్తుంది. ఎన్నోసార్లు తడబడిన తరువాత కూడా ఏమీ కాకుండా ఇంటికి పోయినవారు అంతకన్నా ఎక్కువ మంది.

ఈ ఉపద్రవాన్ని గుర్తించే కొలతను 1991లో ఒక అంతర్జాతీయ వైద్య బృందం ఖరారు చేసింది. కడుపు పైభాగాన కొత్తగా నొప్పి పుట్టడం, క్లోమం విడుదల చేసే అమైలేజ్ అనే ఎంజైము చికిత్స జరిగిన 24 గంటల తరువాత రక్తంలో మామూలుకు కనీసం మూడు రెట్లు ఉండడం, దానివల్ల రోగిని ఆసుపత్రిలో చేర్చుకోవలసి రావడమో ఉన్న రోజులు పొడిగించవలసి రావడమో జరగడం, ఈ మూడూ కలిస్తేనే దాన్ని ఇ.ఆర్.సి.పి. అనంతర క్లోమశోథగా, అంటే చికిత్స వెంట వచ్చిన క్లోమం వాపుగా లెక్కిస్తారు. రెండు మూడు రోజుల్లో తగ్గేది స్వల్పం, నాలుగు నుంచి పది రోజులు పట్టేది మధ్యస్థం, పది రోజులు దాటేది తీవ్రం. నొప్పి లేకుండా అమైలేజ్ అంకె ఒక్కటే పెరగడం ఈ చికిత్స తరువాత సర్వసాధారణం, అది జబ్బు కాదు. రక్తపరీక్ష కాగితం మీది అంకెను చూసి గుండెలు బాదుకునే బంధువులకూ, అదే కాగితం చూపి మందుల చిట్టా పెంచే చోట్లకూ ఈ తేడా తెలియడం అవసరం.

ఇక ఎంతమందికి వస్తుందన్న లెక్క. అమెరికా, కెనడాలలో 2,347 మందిని వెంబడించి 1996లో ఫ్రీమన్ బృందం ప్రకటించిన అధ్యయనంలో, సంవరిణి కండరాన్ని చీల్చిన వారిలో 5.4 శాతానికి క్లోమం వాచింది. నివారణ మందు గానీ, క్లోమనాళంలో రక్షణగా పెట్టే స్టెంటు అనే సన్నని గొట్టం గానీ పొందని 13,296 మంది వివరాలను 108 యాదృచ్ఛిక పరీక్షల నుంచి పోగుచేసి 2015లో చూసినప్పుడు ఆ సంఖ్య 9.7 శాతంగా తేలింది. ముందే ప్రమాదం ఎక్కువని గుర్తించిన వారిలో 14.7 శాతం. వాచిన వారిలో ఎక్కువమందికి అది స్వల్పంగానే ఉండి తగ్గిపోయినా, ప్రాణం పోయినవారూ ఉన్నారు. ఇరవై మందిలో ఒకరి నుంచి పది మందిలో ఒకరి దాకా వచ్చేదాన్ని గండమే లేని పని అనడం ఎంత అసత్యమో, ప్రపంచంలోని అనుభవజ్ఞులందరి చేతుల్లోనూ తప్పకుండా కనిపించేదాన్ని వచ్చిన ప్రతిసారీ ఒక వైద్యుని నేరంగా లెక్కించడం అంతే అసత్యం.

అయితే వాదం ఇక్కడితో ఆగితే రెండో పక్షానికి, పుస్తకంలో ఉన్నదే జరిగిందనే పక్షానికి, గెలుపు అప్పనంగా దక్కుతుంది. సగటు అంకె అందరికీ ఒకేలా వర్తించదన్నదే అసలు విషయం. 1,963 చికిత్సలను పదకొండు ఆసుపత్రులలో గమనించి ఫ్రీమన్ బృందమే 2001లో ప్రకటించిన మరో అధ్యయనం, క్లోమం వాచడానికి చికిత్స జరిగిన తీరు ఎంత కారణమో, రోగి ఎవరన్నది కూడా అంతే కారణమని తేల్చింది. వయసులో చిన్నవారు, స్త్రీలు, రక్తంలో బిలిరుబిన్ మామూలుగా ఉన్నవారు, అంటే కామెర్లు లేనివారు, లోగడ ఇలాంటి వాపు వచ్చినవారు, అన్నిటికన్నా మించి, రాయి కనబడకపోయినా ఒడ్డి కండరం సరిగా వదులవడం లేదన్న అనుమానంతో పంపబడినవారు ముందు వరుసలో ఉంటారు. వీటికి తీగ కష్టంగా ఎక్కడం, క్లోమనాళంలోకి రంగుమందు పోవడం తోడైతే ప్రమాదం ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. దీనికి ఎదురుగా, పచ్చగా కామెర్లు కమ్మి, పిత్తనాళం ఉబ్బి, రాయి స్పష్టంగా కనబడుతున్న వృద్ధునికి ప్రమాదం తక్కువ, ప్రయోజనం ఎక్కువ. ఈ చికిత్స ఎవరికి అంతగా అవసరం లేదో వారికే అది ఎక్కువ కీడు చేస్తుందని పీటర్ కాటన్ వంటి నిపుణులు పాతికేళ్లుగా హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఈ చేదు నిజానికి గట్టి రుజువు 2014లో వచ్చింది. పిత్తాశయం తీయించుకున్న తరువాత కూడా కడుపు నొప్పి పోని, అయితే పరీక్షలలో నాళం ఉబ్బుగానీ కాలేయపు అంకెల్లో తేడాగానీ పెద్దగా లేని 214 మందిని అమెరికాలో రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సంవరిణి కండరం చీల్చారు, మరో గుంపుకు చీల్చినట్టు భ్రమింపజేసి వదిలేశారు. ఏడాది తరువాత నొప్పి తగ్గినవారు చీల్చిన గుంపులో 23 శాతమైతే, చీల్చని గుంపులో 37 శాతం. రెండు గుంపుల్లోనూ గొట్టం వేసిన పాపానికి నూటికి పది మందికి పైగా క్లోమం వాచింది. దశాబ్దాల పాటు ఎన్నో ఆసుపత్రులలో, మంచి చేతులతో, మంచి ఉద్దేశంతో జరిగిన ఒక చికిత్సకు ఆధారమే లేదని ఆ ఒక్క పరీక్షతో తేలిపోయింది. ఇక్కడ తప్పు చేతిది కాదు. గొట్టం వేయాలన్న తీర్మానానిది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసి, అస్త్రం గురి తప్పలేదని మెచ్చుకోవడం వల్ల పిచ్చుకకు ఒరిగేదేమీ లేదు.

కొందరు వెంటనే అడ్డు తగలవచ్చు: పెద్ద చేతికి పోతే ఏమీ కాదు కదా, అందుకే కదా సరిహద్దు పల్లెల వాళ్లు నాందేడ్, నిజామాబాద్ దాటి హైదరాబాదుకు పోయేది అని. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసివేయడానికి వీల్లేదు. హైదరాబాదు ఈ విద్యకు దేశంలో ప్రధాన కేంద్రాలలో ఒకటి కావడం, అందులో 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి, ఆయన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పాత్ర తెలుగువారికి కొత్తగా చెప్పవలసినవి కావు. వారానికి ఒకటి అరా చేసే చోట కన్నా రోజూ చేసే చోట రాయి బయటికి వచ్చే అవకాశం ఎక్కువని, రక్తస్రావం వంటి కీడులు తక్కువని ఒప్పుకోవలసిందే. తీగను బలవంతాన తోయకపోవడం, దారి దొరకకపోతే తగిన సమయంలో పద్ధతి మార్చడం, రంగుమందుకు బదులు ముందు తీగతోనే నాళాన్ని వెతకడం, ఇవన్నీ చేతి విద్యలే, వాటితో వాపు తగ్గుతుంది కూడా. కానీ పేరున్న కేంద్రాలకు కష్టమైన రోగులు ఎక్కువగా చేరుతారు గనుక అక్కడ కూడా ఈ ఉపద్రవం సున్నా కాదు, కాలేదు. అవసరం లేని గొట్టాన్ని గొప్ప చేయి అవసరమైనదిగా మార్చలేదు. చేతి నైపుణ్యం ప్రమాదాన్ని తగ్గించగలదే గానీ, తప్పు తీర్మానానికి ప్రాయశ్చిత్తం చేయలేదు.

తీర్మానాన్ని సరిదిద్దే మార్గాలు ఇప్పుడు అందరికీ తెలిసినవే. కేవలం చూడడం కోసం ఇ.ఆర్.సి.పి. చేసే రోజులు పోయాయని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు 2002లోనే ప్రకటించింది. అయస్కాంత క్షేత్రంతో పిత్తనాళపు బొమ్మ తీసే ఎం.ఆర్.సి.పి., ఎండోస్కోపు కొనకు అమర్చిన అల్ట్రాసౌండ్ కన్నుతో చూసే ఇ.యు.ఎస్. అన్న రెండు పరీక్షలూ గుమ్మాన్ని ముట్టుకోకుండానే రాయి ఉందో లేదో చెబుతాయి. అమెరికా ఎండోస్కోపీ సంఘం 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం, అల్ట్రాసౌండ్‌లోనో స్కానులోనో నాళంలో రాయి స్పష్టంగా కనబడినా, నాళానికి చీము పట్టి జ్వరం, కామెర్లు కమ్మినా, బిలిరుబిన్ 4 దాటి దానితోపాటు నాళం కూడా ఉబ్బి ఉన్నా, నేరుగా గొట్టం వేయవచ్చు. అనుమానం మధ్యస్థంగా ఉన్నవారికి ముందు ఈ రెండు పరీక్షలలో ఒకటి చేయాలి. ఎం.ఆర్.సి.పి.కి అదనంగా డబ్బు ఎందుకు దండగ, ఎలాగూ గొట్టం వేస్తారు కదా అన్న లెక్క బిలోలి సంతలో చెల్లుతుందేమో గానీ, క్లోమం వాచి వారం రోజులు ఐ.సి.యు.లో ఉన్న ఇంటి ఖర్చు ముందు నిలవదు. పిత్తాశయం తీసేసిన వారిలో నాళం కొంచెం వెడల్పు కావడం మామూలే కాబట్టి, స్కాను కాగితం మీద నాళం ఉబ్బిందన్న ఒక్క ముక్కను పట్టుకొని పరుగెత్తడం కూడా తొందరపాటే.

ఇక ఆసుపత్రి వైపు వాదం. తెలిసిన ఉపద్రవం అన్నప్పుడు, తెలిసిన నివారణ కూడా ఉందని అదే నోటితో చెప్పాలి. 2012లో ఎల్మన్జర్ బృందం, ప్రమాదం ఎక్కువగా ఉన్న 602 మందిలో సగం మందికి చికిత్స ముగిసిన వెంటనే ఇండోమెథాసిన్ బిళ్లను మలద్వారం గుండా ఇచ్చి చూస్తే, వాపు 16.9 శాతం నుంచి 9.2 శాతానికి దిగింది. 2016లో చైనాలో 2,600 మందిపై జరిగిన పరీక్ష, ప్రమాదం ఎక్కువ ఉన్నవారినే ఎంచి తరువాత ఇవ్వడం కంటే అందరికీ ముందే ఇవ్వడం మేలని, వాపు 8 నుంచి 4 శాతానికి తగ్గుతుందని చూపింది. మూత్రపిండాల జబ్బు, ఆ మందు పడకపోవడం వంటి అడ్డంకులు లేని ప్రతి రోగికీ 100 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ గానీ ఇండోమెథాసిన్ గానీ మలద్వారం గుండా చికిత్సకు కాస్త ముందుగా ఇవ్వాలని యూరప్ ఎండోస్కోపీ సంఘం 2020లో స్పష్టంగా రాసింది. డైక్లోఫెనాక్ బిళ్ల మన ఊళ్ల మందుల దుకాణాలలో కూడా దొరికేదే. దాని ధర ఒక పూట భోజనం ఖర్చు కూడా కాదు. క్లోమనాళంలో కొద్ది రోజులకు తనంతట తానే జారిపోయే సన్నని స్టెంటు పెట్టడం రెండో రక్షణ. మందు బిళ్ల ఉంటే స్టెంటు అక్కరలేదనుకున్న వారి ఆశను 1,950 మందిపై జరిగి 2024లో వెలువడిన పరీక్ష వమ్ము చేసింది: వాపు బిళ్ల ఒక్కటే ఇచ్చినవారిలో 14.9 శాతం, బిళ్లతోపాటు స్టెంటు కూడా పెట్టినవారిలో 11.3 శాతం. వీటికి భిన్నంగా, గుమ్మం మీద ఎపినెఫ్రిన్ చల్లడం, బిళ్ల ఇచ్చాక కూడా సెలైన్ విపరీతంగా ఎక్కించడం వంటివి పరీక్షకు నిలవలేదని కూడా చెప్పాలి. బిళ్ల ఇవ్వని చోట, ప్రమాదం ఎక్కువైన రోగికి స్టెంటు ఊసెత్తని చోట, ఉపద్రవం పుస్తకంలో ఉందన్న జవాబు అర సత్యం. పుస్తకంలోని ముందు పేజీ చదివి, తరువాతి పేజీ తిప్పని చదువు అది.

న్యాయస్థానాల మాట కూడా ఈ రెండు పక్షాలనూ సమంగా మందలించేదే. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీం కోర్టు, చికిత్స వికటించినంత మాత్రాన, అంచనా తప్పినంత మాత్రాన నిర్లక్ష్యం అనలేమనీ, క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలనీ చెప్పింది. చేతి మీద నింద వేసేవారు ఆ తీర్పు చదవాలి. 2008లో సమీరా కోహ్లీ కేసులో అదే న్యాయస్థానం, చికిత్స స్వభావం, ప్రయోజనం, గణనీయమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు, నిరాకరిస్తే ఏమవుతుందన్నవి రోగికి తగినంతగా తెలియజేయకుండా తీసుకున్న సమ్మతి సమ్మతే కాదనీ, అరుదైన ప్రమాదాల చిట్టా అంతా విప్పనక్కరలేదనీ తీర్పునిచ్చింది. పది మందిలో ఒకరికి రాగల క్లోమశోథ ఏ కొలతతో చూసినా అరుదైన ప్రమాదాల జాబితాలోకి పోదు. ఎం.ఆర్.సి.పి. అనే ప్రత్యామ్నాయం ఉందని చెప్పకుండా పెట్టించిన సంతకాన్ని చూపి చేతులు దులుపుకోవడానికి ఈ తీర్పు చోటివ్వదు.

బిలోలి విషయంలో ఈ మాటలకు మరింత బరువు ఉంది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయికీ, 1960లో మహారాష్ట్రకూ చేరిన ఈ తాలూకాలో ఇంటి భాష తెలుగైనా బడి భాష మరాఠీ అయిన కుటుంబాలు ఉన్నాయి. వారికి వర్తించే ప్రభుత్వ ఆరోగ్య పథకం 2012లో నాందేడ్ సహా ఎనిమిది జిల్లాలలో మొదలై, ఇప్పుడు మహాత్మా జ్యోతిరావ్ ఫూలే పేరుతో నడుస్తున్నది. నది అవతల బోధన్ వారికి వర్తించే ఆరోగ్యశ్రీ వీరిది కాదు. అందుచేత గొట్టం వేయించుకోవడానికి హైదరాబాదు పోయిన బిలోలి రోగి చాలాసార్లు సొంత డబ్బుతో పోతాడు, ఒక్క రోజైనా తక్కువ ఉండాలని చూస్తాడు, అదే సాయంత్రం తిరుగు బండి ఎక్కుతాడు. వాపు నొప్పి చాలామందిలో మొదటి కొన్ని గంటలలోనే మొదలవుతుందన్నది ఆ బండికి తెలియదు. నొప్పితో ఉన్న రోగిని అదే రోజు ఇంటికి పంపదలచుకుంటే రెండు నుంచి ఆరు గంటల మధ్య అమైలేజ్‌నూ, క్లోమం విడుదల చేసే మరో ఎంజైమైన లైపేజ్‌నూ చూసి, అమైలేజ్ మామూలుకు ఒకటిన్నర రెట్లలోపు, లైపేజ్ నాలుగు రెట్లలోపు ఉంటేనే నిశ్చింతగా పంపవచ్చని యూరప్ సూచనలు చెబుతాయి. ఈ నియమం పాటించడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. క్లోమనాళంలో పెట్టిన స్టెంటు జారిపోయిందో లేదో కొద్ది రోజులకు ఎక్స్‌రే తీసి చూడాలన్న మాటను డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో రాసి వదిలేస్తే, మరాఠీ చదివి తెలుగు మాట్లాడే ఇంట్లో అది గోడకు తగిలించిన క్యాలెండరులా ఉండిపోతుంది. ఆ ఎక్స్‌రే బిలోలి చుట్టుపక్కల ఏ పట్టణంలోనైనా తీయించుకోవచ్చని, దాని కోసం మళ్లీ హైదరాబాదు రానక్కరలేదని రెండు వాక్యాలు వారి భాషలో రాయడానికి ఏ ఆసుపత్రికీ ఖర్చు కాదు.

ఈ చికిత్స చేయించుకుని బోధన్ మీదుగా ఇంటికి చేరిన వారికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆ రాత్రి కడుపు పైభాగాన పుట్టి వీపులోకి పొడిచే నొప్పిని, ఆగని వాంతులను గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. తెల్లారేదాకా ఆగకుండా, గొట్టం వేసిన ఆసుపత్రికి ఫోను చేసి, దగ్గరలో సెలైను పెట్టగల ఆసుపత్రిలో అప్పుడే చేరాలి, చేరేటప్పుడు డిశ్చార్జి కాగితాన్ని వెంట తీసుకుపోవాలి.